చిన్న ఐటీ ఆఫీసులో ఈ-వేస్ట్: మూలన పడ్డ సీపీయూ నుంచి రీసైక్లర్ రసీదు దాకా

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు చిన్న ఐటీ కంపెనీలు నడుపుతున్నవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "పాత సిస్టమ్‌లు, చచ్చిపోయిన యూపీఎస్ బ్యాటరీలు ఎవరికివ్వాలి?" 2023లో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో ఐటీ టవర్, నల్లగొండలో ఐటీ హబ్ మొదలయ్యాయి. పది ఇరవై మందితో నడిచే ఆఫీసులు ఇప్పుడు మన దగ్గరా ఉన్నాయి. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. దాంతో చాలాచోట్ల పాత మెషిన్లు ఒకేసారి మూలకు చేరుతున్నాయి.

ఎవరికివ్వాలి అన్నది ఈ పనిలో ఆరో అడుగు. మొదటి అయిదూ సరిగ్గా పడకపోతే ఆరోది ఎప్పటికీ తెగదు. మన అసలు ఇబ్బంది దూరం. రిజిస్టర్డ్ రీసైక్లర్లలో (కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైనవాళ్లలో) ఎక్కువమంది హైదరాబాద్ చుట్టుపక్కలే ఉంటారు. రెండు సీపీయూలు, ఒక ప్రింటర్ కోసం వంద కిలోమీటర్లు వ్యాన్ పంపమంటే ఒప్పుకోరు. కాబట్టి లెక్క రాసి, డేటా తుడిచి, సరుకు వేరు చేసి, పక్క ఆఫీసులతో కలిపి పంపాలి. కింది అడుగులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

1. పనికి ఒక మనిషి, సరుకుకు ఒక గది

ఈ పని అందరిదీ అంటే ఎవరూ చేయరు. పేరు పెట్టి అప్పగించండి. ఇద్దరైతే ఇంకా మంచిది: డేటా తుడవడం సిస్టమ్స్ చూసేవాళ్లకు, రసీదులు దాచడం అకౌంట్స్ చూసేవాళ్లకు.

గది ఎంచుకునేటప్పుడు మన ఎండలు గుర్తుపెట్టుకోవాలి. మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డులో, టెర్రస్ మీది గదిలో లాప్‌టాప్ బ్యాటరీలు పెట్టకూడదు. మెట్ల కింద అసలే వద్దు. మంటలొస్తే బయటికి పోయే దారి అదే కదా.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- నీడ, గాలి ఉండి, వాన నీళ్లు రాని చోటు
- గదికి తాళం (ఇంకా తుడవని డిస్కులు అక్కడే ఉంటాయి)
- లేబుల్ అంటించిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలు నాలుగైదు
- సగం దాకా ఎండు ఇసుక పోసిన ఇనుప బకెట్
- గ్లవ్స్, మాస్కులు, కళ్లకు అడ్డంగా పెట్టుకునే అద్దాలు, ఇన్సులేషన్ టేప్, వంటసోడా
- గడువు తీరని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్

2. ముందు రిజిస్టర్, తర్వాతే సర్దుడు

చాలామంది ఆదివారం నాడు అందరూ కలిసి గది సర్దేస్తారు. సోమవారానికి ఏ డిస్క్ ఏ మెషిన్‌దో ఎవరికీ తెలియదు. వస్తువు కదిపేముందే దాని వివరం రాయాలి. గూగుల్ షీట్ చాలు.

ఒక్కో వరుసలో ఉండాల్సినవి: ఆఫీసు నంబర్, వస్తువు, కంపెనీ, సీరియల్ నంబర్, కొన్న ఏడాది, పరిస్థితి, లోపల డిస్క్ ఉందా, నిర్ణయం, డేటా తుడిచిన తేదీ, చేసినవారి పేరు, ఎవరికి ఇచ్చాం, రసీదు నంబర్.

"పరిస్థితి" గడిలో ఉత్తగా "పాడైంది" అని రాయొద్దు. "ఆన్ అవుతుంది, డిస్‌ప్లే రాదు, బ్యాటరీ ఉబ్బింది, చార్జర్ లేదు" అని రాయండి. ఆ నాలుగు ముక్కల మీదే బాగు చేయించాలా, అమ్మాలా, రీసైక్లర్‌కు ఇవ్వాలా అన్నది తేలుతుంది. ఉబ్బిన బ్యాటరీ ఉందని ముందే తెలిస్తే రీసైక్లర్ కూడా దానికి తగ్గ ఏర్పాటుతో వస్తాడు.

క్లయింట్ ఇచ్చిన లాప్‌టాప్‌లు, లీజుకు తెచ్చినవి మరో షీట్‌లో రాయండి. అవి మీవి కావు. వాళ్ల నుంచి రాతపూర్వకంగా మెయిల్ వచ్చేదాకా వాటిమీద చేయి వేయొద్దు.

3. నడిచేదాన్ని నడిపించండి

రీసైక్లింగ్ మంచిదే. అంతకన్నా ఉన్న మెషిన్‌ను మరో రెండేళ్లు వాడటం మంచిది. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసి, 4 జీబీ ర్యామ్‌ను 8 చేస్తే చాలా పాత మెషిన్లు మళ్లీ పనిలోకి వస్తాయి.

విండోస్ 11కు టీపీఎం 2.0 (మెషిన్ లోపలి భద్రతా చిప్) కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే సపోర్ట్ ఉంటుంది. అది లేని మెషిన్‌లో లైనక్స్ వేసి ట్రైనింగ్‌కు, టెస్టింగ్‌కు, రిసెప్షన్‌లో పెట్టుకోవచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషిన్‌లో మాత్రం క్లయింట్ డేటా ఉంచొద్దు.

నేను చెప్పే లెక్క సులువు: రిపేరు ఖర్చు అలాంటి సెకండ్ హ్యాండ్ మెషిన్ ధరలో సగం దాటితే దాన్ని వదిలేయండి.

బడికో, కాలేజీకో ఇస్తామంటారు కొందరు. సంతోషం. కానీ చార్జర్‌తో సహా, సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసి, నడుస్తున్నదే ఇవ్వండి. పాడైన సామాను బడికి పంపితే మన చెత్త వాళ్ల నెత్తిన పెట్టినట్టే. "ఇది ఇక పనికిరాదనిపిస్తే మాకే తిప్పి పంపండి" అని ఉత్తరంలో ఒక మాట రాసి ఇవ్వండి.

4. డేటా తుడవడం

ఇక్కడ తొందరపడొద్దు. రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే డేటా పోదు. క్విక్ ఫార్మాట్ చేసినా ఫైళ్లు డిస్కులో అలాగే ఉంటాయి, జాబితా మాత్రమే చెరిగిపోతుంది. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా వెనక్కి తీయొచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక మనుషుల వివరాలు దాచుకునే ప్రతి సంస్థకూ ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

*ముందుగా:* అవసరమైన ఫైళ్లు బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ తెరుచుకుంటోందో లేదో చూడండి. తర్వాత గూగుల్, మైక్రోసాఫ్ట్, ఆపిల్ అకౌంట్ల నుంచి లాగవుట్ చేయండి. బయోస్ (మెషిన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ తీసేయండి. ఆఫీసు నుంచి మెషిన్లను కంట్రోల్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటే అందులోంచి ఆ మెషిన్ పేరు తొలగించండి. ఇవి మరిస్తే నిక్షేపంగా నడిచే లాప్‌టాప్ కూడా లాక్ పడి తుక్కు అవుతుంది.

*మామూలు హార్డ్ డిస్క్ అయితే:* మొత్తం డిస్క్ మీద ఒకసారి సున్నాలు రాయిస్తే చాలు. ఏడుసార్లు రాయాలన్నది పాత కాలం మాట. విండోస్‌లో డిస్క్‌పార్ట్ (కమాండ్లతో నడిచే డిస్క్ టూల్) తెరిచి, సరైన డిస్క్‌ను ఎంచుకుని "క్లీన్ ఆల్" ఇస్తే ఆ పని జరుగుతుంది. ఉత్త "క్లీన్" ఇస్తే పార్టిషన్ వివరాలే పోతాయి, డేటా అలాగే ఉంటుంది. ఆ ఒక్క "ఆల్" దగ్గరే చాలామంది తప్పుతారు. 1 టీబీ డిస్క్‌కు రెండు మూడు గంటలైనా పడుతుంది. ఎంటర్ నొక్కేముందు డిస్క్ సైజు చూసి, పక్కన ఇంకొకరిని కూడా చూడమనండి. వేరే డిస్క్ తుడిచేస్తే వెనక్కి రాదు.

*ఎస్ఎస్‌డీ అయితే:* పై పద్ధతి మీద ఆధారపడొద్దు. ఎస్ఎస్‌డీ తన లోపల కొంత జాగా విడిగా ఉంచుకుంటుంది, రాతలను అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది. పైనుంచి సున్నాలు రాసినా కొన్ని ముక్కలు మిగిలిపోవచ్చు. డిస్క్ తయారు చేసిన కంపెనీ ఇచ్చే టూల్‌లో గానీ, బయోస్‌లో గానీ "సెక్యూర్ ఎరేజ్" లేదా "శానిటైజ్" ఉంటుంది. అది వాడండి. మొదటి రోజు నుంచీ బిట్‌లాకర్ (డిస్కులోని డేటాను తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉంచే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉన్న మెషిన్ అయితే పని ఇంకా తేలిక. కొత్త లాప్‌టాప్‌లకు ఇప్పుడే ఆన్ చేసి పెట్టుకోండి.

*అసలు ఆన్ కాని డిస్క్ అయితే:* మెషిన్ నుంచి విడిగా తీసి తాళం వేసిన పెట్టెలో ఉంచి, "ముక్కలు చేయాలి" అని రాసి రీసైక్లర్ ముందే ముక్కలు చేయించండి. మీరే డ్రిల్ వేస్తామంటే కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే చాలా లాప్‌టాప్ డిస్కుల్లో లోపలి పళ్లేలు గాజువి, పగిలి చిట్లుతాయి. ఎస్ఎస్‌డీలో ప్రతి చిప్పూ పగిలితేనే లెక్క.

డేటా ఉంటుందని తట్టని చోట్లు:

- జిరాక్స్ మెషిన్, పెద్ద ప్రింటర్ (చాలావాటిలో హార్డ్ డిస్క్ ఉంటుంది)
- సీసీ కెమెరాల డీవీఆర్
- వేలిముద్ర హాజరు మెషిన్
- రూటర్, ఫైర్‌వాల్ (వైఫై, వీపీఎన్ పాస్‌వర్డ్లు)
- టెస్టింగ్ ఫోన్లు, వాటిలో మిగిలిన మెమరీ కార్డులు, సిమ్‌లు
- డ్రాయర్లలో పడున్న పెన్ డ్రైవ్‌లు

తుడిచాక ఊరుకోకుండా పదింటిలో ఒకటి రెండు డిస్కులు వేరే మెషిన్‌కు తగిలించి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికి చూడండి. ఏమీ దొరకకపోతేనే రిజిస్టర్‌లో తేదీ, పద్ధతి, పేరు రాయండి.

5. సరుకు వేరు చేయడం

కంప్యూటర్లు, మానిటర్లు, ప్రింటర్లు ఒక పక్క. కేబుళ్లు, చార్జర్లు, కీబోర్డులు, మౌస్‌లు ఒక డబ్బాలో. డిస్కులు తాళంలో. ఇవి తేలికే. అసలు జాగ్రత్త బ్యాటరీల దగ్గర.

*యూపీఎస్, ఇన్వర్టర్ బ్యాటరీలు:* వీటి బరువులో సగానికి పైగా సీసమే. మిగతాదాంట్లో సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది. కొత్తది కొన్నప్పుడు పాతది డీలర్‌కే ఎక్స్‌చేంజ్ కింద ఇవ్వడం అన్నిటికన్నా సులువు. కొత్త బిల్లు మీద పాత బ్యాటరీ వెనక్కి తీసుకున్నట్టు, ఎన్ని, ఎంత బరువు అన్నది రాయించుకోండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని మిగతా చెత్తతో కలపకుండా, సేకరణ లేదా రీసైక్లింగ్ చేసేవాళ్లకే అప్పగించాల్సిన బాధ్యత వాడినవాళ్లది.

ఇచ్చేదాకా నిలువుగానే ఉంచండి, కింద ప్లాస్టిక్ ట్రే పెట్టండి. ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. యాసిడ్ కారితే గ్లవ్స్ వేసుకుని, వంటసోడా చల్లి, పొంగు ఆగాక తుడవండి.

కొందరు తుక్కు వ్యాపారులు మూత తీసి యాసిడ్‌ను అక్కడే నేల మీద పారబోసి, తర్వాత కాటా పెడతారు. మీ గేటు ముందు గానీ, వెనక ఖాళీ ప్లాటులో గానీ దాన్ని ఎవరూ చేయకుండా చూడండి. ఆ యాసిడ్‌లో సీసం కలిసి ఉంటుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో నల్లగొండ జిల్లా పల్లెలు ఎన్ని తరాలు అవస్థ పడ్డాయో మనకు తెలుసు. అది నేలలోని రాళ్ల నుంచి వచ్చింది, మనం తెచ్చిపెట్టింది కాదు. సీసం మాత్రం మనం పోస్తేనే ఆ నేలలోకి పోతుంది.

*లాప్‌టాప్, ఫోన్ బ్యాటరీలు:* ఉబ్బినదాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, "ఒక్కసారి చూద్దాం" అని చార్జింగ్ పెట్టొద్దు. తేలిగ్గా ఊడివస్తే తీసి, కొసలకు టేప్ అంటించి, ఇసుక బకెట్‌లో ఒక్కోదాన్ని విడివిడిగా పెట్టండి. మూత బిగించొద్దు. తేలిగ్గా రాకపోతే లాప్‌టాప్‌తో సహా విడిగా ఉంచి, మీద ఎర్ర స్టిక్కర్ వేయండి. కొరియర్‌లో పంపొద్దు. పొగ మొదలైతే దగ్గరికి వెళ్లకుండా అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

*టోనర్ కార్ట్రిడ్జ్‌లు:* రీఫిల్ అయ్యేవి అయినన్నిసార్లు చేయించండి. పాడైనవాటిని కవర్లో పెట్టి మూతి కట్టండి. పొడి ఒలికితే చీపురుతో ఊడ్చొద్దు, గాలిలో లేస్తుంది. తడి గుడ్డతో ఎత్తండి.

*ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు, పాత ఎల్‌సీడీ మానిటర్లు:* ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ రాకముందటి ఎల్‌సీడీల్లో కూడా ఉంటుంది. పగలకుండా అట్టపెట్టెలో నిలబెట్టండి. లావుపాటి పాత సీఆర్‌టీ మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. వాటినీ విప్పొద్దు.

కాగితం, అట్టపెట్టెలు, టీ కప్పులు పొడి చెత్త కింద మున్సిపాలిటీ బండికి ఇచ్చేయండి. క్లయింట్ల పేర్లున్న కాగితాలు చింపి ఇవ్వండి. ఆ బండిలో బ్యాటరీ గానీ కేబుల్ గానీ పడకుండా చూస్తే చాలు.

6. ఎవరికివ్వాలి

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా కనీసం 1000 పరికరాలు వాడిన సంస్థను బల్క్ కన్స్యూమర్ అంటారు. కంప్యూటర్లతో పాటు ఫోన్లు, ప్రింటర్లు, ఏసీల్లాంటివీ ఆ లెక్కలోకి వస్తాయి. అలాంటివాళ్లు రిజిస్టర్ అయిన తయారీ కంపెనీ, రిఫర్బిషర్ (పాత సామాను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లు) లేదా రీసైక్లర్‌కే ఇవ్వాలి. మీ ఆఫీసు అంత పెద్దది కాకపోవచ్చు. అయినా అదే దారి పట్టండి. తుక్కు దుకాణానికి పోయిన కేబుళ్లను చాలాచోట్ల రాగి కోసం తగలబెడతారు. ఆ పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి. అక్కడ పనిచేసే మనిషి దాన్ని పీలుస్తాడు.

ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది కంపెనీ టేక్-బ్యాక్, అంటే తయారు చేసిన కంపెనీయే పాతది వెనక్కి తీసుకోవడం: డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీల వెబ్‌సైట్లలో మన దేశానికి సంబంధించిన వివరాలు ఉంటాయి. రెండోది రిఫర్బిషర్, కాస్త నడిచే సరుకు ఉంటే. మూడోది రీసైక్లర్.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఇవి అడగండి:

- కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ-వేస్ట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యారా? సర్టిఫికెట్ కాపీ పంపగలరా?
- రీసైక్లర్‌గానా, రిఫర్బిషర్‌గానా? గడువు ఎప్పటిదాకా?
- బిల్లు ఆ సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే ఇస్తారా?
- డిస్కులు ముక్కలు చేసినట్టు సీరియల్ నంబర్లతో సర్టిఫికెట్ ఇస్తారా?
- వ్యాన్ రావడానికి కనీసం ఎంత బరువు ఉండాలి?
- లిథియం బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు తీసుకుంటారా?

సర్టిఫికెట్ చూశాక ఆ పేరు పోర్టల్ జాబితాలో మీరే వెతకండి. 2016 నిబంధనల నాటి డిస్‌మాంట్లర్ (సామాను విప్పి భాగాలు విడదీసేవాళ్లు) అనుమతి కాగితం చూపిస్తే సరిపోదు. కొత్త నిబంధనల్లో ఆ పేరుతో రిజిస్ట్రేషన్ లేదు. సందేహముంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడగొచ్చు.

"సార్, లాట్ మొత్తానికి ఒక రేటు చెప్తా, బిల్లు మాత్రం అడగొద్దు" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. "లేదన్నా, బిల్లు లేకుండా మేం ఇవ్వం" అని చెప్పి ఫోన్ పెట్టేయండి. వాళ్లిచ్చే రేటు ఎక్కువే ఉండొచ్చు. ఆ తేడా డబ్బు వదులుకోవడమే సరైన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

*బరువు చాలకపోతే:* మీ టవర్‌లోని మిగతా కంపెనీలు, దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ, ఇంటర్నెట్ సెంటర్లు, కంప్యూటర్ సర్వీసు షాపులు కలిసి ఒకే రోజు పంపండి. ఏడాదికి రెండుసార్లు ముందే తేదీ పెట్టుకోండి. ఫిబ్రవరి, ఆగస్టు బాగుంటాయి. ఫిబ్రవరిలో అయితే ఎండలకు ముందే గది ఖాళీ అవుతుంది, మార్చి 31 లెక్కల్లోకి కూడా వస్తుంది. నిబంధనల్లో రీసైక్లర్లకే నిల్వ గడువు 180 రోజులు. మీకూ అదే హద్దు అనుకోండి.

కలిపి పంపినా ఎవరి జాబితా వారిదే, ఎవరి రసీదు వారికే. అందరి సరుకూ ఒకే కంపెనీ పేరు మీద రాస్తే రేపు ఆడిట్‌లో మిగతావాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

7. వ్యాన్ వచ్చిన రోజు

- ముందు రోజే జాబితా ప్రింట్ రెండు కాపీలు
- వ్యాన్ నంబర్, డ్రైవర్ గుర్తింపు కార్డు ఫోటో
- మీ ఎదురుగానే కాటా, ఒక్కో రకం విడిగా
- డిస్కుల సీరియల్ నంబర్లు ఒక్కొక్కటి చదువుతూ టిక్
- ఎర్ర స్టిక్కర్ సరుకు గురించి చెప్పి చేతికి ఇవ్వడం, మిగతాదానితో కలపకపోవడం
- రెండు కాపీల మీదా సంతకాలు
- పన్ను బిల్లు ఎవరు ఇవ్వాలి, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం) అవసరమా అన్నది అకౌంటెంట్‌ను ముందే అడిగి ఉంచడం

రీసైక్లింగ్ సర్టిఫికెట్ ఆ రోజే రాదు. ఎప్పుడిస్తారో తేదీ రాయించుకోండి, ఆ తేదీకి క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. వచ్చాక బరువు మీ కాపీతో సరిపోయిందా చూసి, ఆస్తుల రిజిస్టర్‌లోంచి ఆ వస్తువులను తీసేయండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు దాచాలి కాబట్టి ఈ కాగితాలనూ అదే ఫైల్‌లో పెట్టండి.

8. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

*సీపీయూలు ఇచ్చాం, డిస్కులు తీయడం మరిచాం.* వెంటనే రీసైక్లర్‌కు సీరియల్ నంబర్లతో మెయిల్ పెట్టి, ఆ మెషిన్లు పక్కన పెట్టమనండి. మనిషిని పంపి తెప్పించుకోండి లేదా అక్కడే ముక్కలు చేయించి వీడియో తీసుకోండి. క్లయింట్ డేటా ఉంటే క్లయింట్‌కు అదే రోజు చెప్పండి.

*మెషిన్ లోపలి ర్యామ్, ఎస్ఎస్‌డీ మాయమయ్యాయి.* గదికి తాళం లేకపోవడం వల్ల వచ్చే సమస్య ఇది. రిజిస్టర్‌లో లోపలి భాగాలు కూడా రాసి, కేసు స్క్రూ మీద సంతకం చేసిన స్టిక్కర్ వేయండి.

*ఉద్యోగులు ఇంటి నుంచి పాత ఫోన్లు, బ్యాటరీలు తెచ్చి పడేస్తున్నారు.* ఆపొద్దు, మంచిదే. వాటికి వేరే డబ్బా పెట్టి, డేటా తుడిచే బాధ్యత వాళ్లదేనని దాని మీదే రాయండి. కంపెనీ జాబితాలో మాత్రం కలపొద్దు.

*ఇంటి నుంచి పనిచేసేవాళ్ల దగ్గర సామాను ఉండిపోయింది.* ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే నో డ్యూ పత్రంలో లాప్‌టాప్, చార్జర్, డాంగిల్ మూడూ విడివిడి గడులుగా పెట్టండి.

9. తర్వాతి కొనుగోలు

బ్యాటరీ, ర్యామ్, డిస్క్ విప్పి మార్చగలిగే మోడల్ ఎంచుకోండి. అన్నీ బోర్డుకే అతికించి ఉన్న పల్చటి లాప్‌టాప్‌లో ఒకటి పోతే అంతా పోతుంది. వీలైనన్ని మెషిన్లకు ఒకే రకం చార్జర్ ఉండేలా చూస్తే డ్రాయర్లో తీగల కుప్ప తగ్గుతుంది. కొనే ముందు కొటేషన్ మీద డీలర్ చేత ఈ వాక్యం రాయించుకోండి: "వాడకం ముగిశాక ఈ పరికరాలను రిజిస్టర్డ్ రీసైక్లర్ ద్వారా వెనక్కి తీసుకుని, సీరియల్ నంబర్లతో రసీదు ఇస్తాం."